సుంకరిగూడెం బోరింగు నీళ్ళు

ఎస్తేరమ్మకు కోపమొస్తే ముందు కొంగు నడుముకు బిగిస్తుంది, ఆ తర్వాతే నోరు తెరుస్తుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆమె పనిచేసే ఇళ్ళన్నిటికీ ఈ సంగతి తెలుసు. కొంగు బిగిసిందంటే ఇంటి యజమానురాలు కూడా మెల్లగా వంటింట్లోకి తప్పుకునేది. అలాంటి మనిషికి బతుకులో ఒక్కసారి మాత్రం ఆ కోపాన్ని ఎవరి మీద చూపించాలో తెలియలేదు. కన్నకూతురి కాళ్ళు వంకర పోతుంటే తిట్టడానికి ఒక్క మనిషి దొరకలేదు.

ఆమె పుట్టింది నల్గొండ జిల్లాలో లోపలికున్న సుంకరిగూడెంలో. పెళ్ళై యేసుదాసు వెంట పట్నం వచ్చేనాటికి ఎల్‌బీ నగర్ అంటే విజయవాడ రోడ్డు పక్కన కొన్ని లారీ షెడ్లు, ద్రాక్ష తోటలు, మిగిలినదంతా రాళ్ళూ తుప్పలూ. ఆ షెడ్లలో ఒకదాంట్లో యేసుదాసు లారీలకు చెక్క బాడీలు కట్టేవాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో అప్పుడప్పుడే కాలనీలు లేస్తున్నాయి. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన ఉద్యోగస్తులు స్థలాలు కొని ఇళ్ళు కట్టుకుంటుంటే, గచ్చు ఆరకముందే ఎస్తేరమ్మకు ఆ ఇళ్ళలో పని దొరికేది.

వాటిలో వేదవతి ఇల్లు ఆమెకు బాగా అలవాటైన ఇల్లు. వేదవతిది తెనాలి. భర్త రామమోహనరావు కరెంటాఫీసులో ఇంజనీరు. వాళ్ళకు పిల్లల్లేరు. ఎస్తేరమ్మ కూతురు సలోమి ఆ ఇంటి వరండాలోనే పాకింది, ఆ ఇంటి గడప పట్టుకునే నిలబడింది. కాస్త పెద్దయ్యాక ఆ పిల్లను నడవమంటే నడిచేది కాదు, ఉరికేది. వీధి చివరి కొట్టుకు పంపితే వెళ్ళిన దుమ్ము అణగకముందే బెల్లంతో తిరిగొచ్చేది. “ఈ పిల్ల కాళ్ళల్లో యంత్రం ఏదో ఉందే ఎస్తేరూ” అని వేదవతి నవ్వేది. ఎస్తేరమ్మ పైకి విసుక్కునేది గాని, లోపల పొంగిపోయేది.

అరవై తొమ్మిదిలో బళ్ళు మూతపడ్డాయి. ప్రత్యేక తెలంగాణ కావాలని ముందు విద్యార్థులు రోడ్డెక్కారు, వాళ్ళ వెనక ఉద్యోగులు, వాళ్ళందరి వెనకా పోలీసులు. యేసుదాసు షెడ్డు పని మానేసి ఊరేగింపుల్లో గొంతు బొంగురుపోయేలా అరిచి వచ్చేవాడు. ఆ కోపం ఎస్తేరమ్మకు తెలియంది కాదు. ఆమె తమ్ముడు మట్టయ్య పదో తరగతి చదివి కూడా ఊళ్ళో కూలికి పోతున్నాడు. మన ఉద్యోగాలు ఎవరో తన్నుకుపోతున్నారని జనం అంటుంటే ఆమెకూ నిజమే అనిపించేది. కాకపోతే తెల్లారి లేచి ఆమె పనికి పోవాల్సింది ఆ ఎవరో ఇంటికే. ఈ చిక్కు ఉద్యమం నడిపే పెద్దలకు లేదు, అంట్లు తోమే ఎస్తేరమ్మకే ఉంది.

ఒకనాడు మధ్యాహ్నం కూతురి చెయ్యి పట్టుకుని పని ఇంటి నుంచి వస్తోంది. చౌరస్తాలో ఎక్కడి నుంచి ఊడిపడ్డారో గాని జనం, వాళ్ళ మీదికి లాఠీలతో పోలీసులు. కళ్ళు మండే పొగ కమ్ముకుంది. ఎవరో తోశారు. చేతిలో ఉండాల్సిన చెయ్యి లేదు. ఎస్తేరమ్మ అరుచుకుంటూ ఆ రోడ్డంతా తిరిగింది. కూతురి గాజు ముక్కల కోసం నేల మీద వెతికిందంటే ఆమె మనసు ఎక్కడికి పోయిందో అర్థం చేసుకోవచ్చు. చివరికి ఒక దర్జీ తన దుకాణం షట్టరు కొద్దిగా పైకెత్తి, “గీ పోరి నీదేనా అమ్మా?” అని పిలిచాడు. సలోమి మిషను కింద ముడుచుకుని కూర్చుని ఉంది. ఒంటి మీద గీత కూడా పడలేదు. కానీ ఎస్తేరమ్మ ఆ రోజే అనుకుంది, పిల్లను ఈ పట్నంలో ఉంచకూడదని.

మర్నాడు వేదవతి ఇంట్లో సామాన్లు సర్దుతున్నారు. వాళ్ళ ప్రహరీ మీద ఎవరో తారుతో పెద్ద అక్షరాలు రాసిపోయారు. ఏం రాశారో ఎస్తేరమ్మకు చదవడం రాకపోయినా తెలిసింది.

“ఎస్తేరూ, మేము తెనాలి వెళ్ళిపోతున్నామే. ఆయన సెలవు పెట్టారు” అంది వేదవతి. “సలోమిని నాతో పంపు. మా పుట్టింటి ఎదురుగానే బడి ఉంది. గొడవలు తగ్గాక నేనే తీసుకొస్తాను.”

“గట్లెట్లయితదమ్మా? ఆయన దినాం జులూసుల తిరుగుతుండు. బిడ్డనేమో ఆంధ్రకు తోలిన్నంటే మందిల మా మొఖం ఏమైతది?”

“పసిపిల్లకు ఏం ఆంధ్ర, ఏం తెలంగాణ?”

“మీకు గట్లనే ఉంటదమ్మా. మాకు గట్ల నడ్వది.”

వేదవతి ముఖం చిన్నబోయింది. సలోమి గౌన్లు, తను కుట్టించినవి, మడిచి సంచీలో పెట్టి ఇచ్చింది. ఎస్తేరమ్మకు బాధ కలగలేదని కాదు. కానీ ఆ సమయంలో ఆమెకు తన ఊరు తప్ప ఇంకో చోటు తోచలేదు. ఎవరి గొడవా లేని చోటు, తన తల్లి ఉన్న చోటు. ఏ తల్లికైనా అదే తోస్తుంది.

ఇక్కడ సుంకరిగూడెం బోరింగు గురించి చెప్పాలి. ఎస్తేరమ్మ చిన్నతనంలో వాళ్ళ వాడకు నీళ్ళు లేవు. ఊరి బావి ఉండేది గాని, దాని గట్టు ఎక్కే హక్కు వీళ్ళకు లేదు. బిందెలు దూరంగా పెట్టి నిలబడాలి. ఊరి ఆడవాళ్ళలో ఎవరికి దయ కలిగితే వాళ్ళు తోడి పైనుంచి పోసేవారు. దయ కలగని రోజు పొద్దెక్కేదాకా నిలబడాలి. యేసు ప్రభువును నమ్ముకుని గుడి కట్టుకున్నా ఆ నిలబడటం మాత్రం తప్పలేదు. ఎస్తేరమ్మ పెళ్ళయిన ఏడు సర్కారు వాళ్ళు వచ్చి గుడి పక్కన నేల లోతుగా తొలిచి బోరింగు వేశారు. ఆమె తండ్రి కొమరయ్య దాని చుట్టూ గద్దె కట్టడానికి గుట్ట నుంచి రాళ్ళు మోశాడు. మొదటి బిందె నీళ్ళు గుడిలో పెట్టి ప్రార్థన చేశారు. నీళ్ళు చల్లగా, నాలుక మీద జారినట్టుగా ఉండేవి. ఆ నీళ్ళను మెచ్చుకోని మనిషి వాడలో లేడు. కన్నబిడ్డను పొగిడినట్టు పొగిడేవారు.

లారీ దిగి, కూతుర్ని తల్లి లింగమ్మ చేతిలో పెడుతూ ఎస్తేరమ్మ చెప్పిన మాటలు ఇవి: “అవ్వా, దీనికి బియ్యం బువ్వ పెట్టకు. పట్నంల తిని తిని మెత్తగైంది. జొన్నరొట్టె పెట్టు, జొన్న గటక పెట్టు. మన నీళ్ళు తాగి, మన జొన్నలు తిని దీని బొక్కలు గట్టివడాలె.”

“నాకు జెప్పాల్నా బిడ్డా? నిన్ను వెంచలేదా ఏంది?” అంది లింగమ్మ. ఆ మాటను బైబిల్ వాక్యంలా పాటించింది. జొన్నలు తప్ప పెట్టలేదు, బోరింగు నీళ్ళు తప్ప తాగించలేదు. ఎండాకాలం పిల్లకు వేడి చేస్తుందని అడగకపోయినా చెంబులు చెంబులు తాగించింది.

గొడవలు చల్లబడ్డాక సలోమిని తీసుకురావాల్సింది. కానీ ఆ చలికాలం కొమరయ్య పోయాడు. మట్టయ్య పెళ్ళి చేసుకుని వేరుగా ఉంటున్నాడు. లింగమ్మ ఒక్కతే అయిపోయింది. పిల్ల తోడుగా ఉంటుందని ఏడాది ఆగారు. తర్వాత ఎస్తేరమ్మ కడుపు నిలవక నెలల తరబడి మంచం పట్టింది, ఇంకో ఏడాది గడిచింది. గుడిలో పాఠాలు చెప్పే పంతులు సలోమికి అక్షరాలు నేర్పుతున్నాడు గదా అని ఇంకొన్నాళ్ళు. ఒక్కో వాయిదాకూ ఒక్కో మంచి కారణం ఉంది. ఎంత మంచి కారణాలంటే, వాటిలో ఒక్కదాన్నీ ఎస్తేరమ్మ తర్వాత తిట్టుకోలేకపోయింది.

క్రిస్మస్‌కు పోయినప్పుడల్లా చూసేది. పిల్ల పొడుగ్గా ఎదుగుతోంది. చీలమండల దాకా లంగా వేసుకుని అమ్మమ్మ వెంట తిరుగుతోంది. ఉరకడం మానేసింది. పెద్దదవుతోంది కాబట్టి నెమ్మది వచ్చిందనుకుంది. మోకాళ్ళు నొప్పులంటే ఎదిగే పిల్లలకు అవి మామూలే అంది లింగమ్మ. లింగమ్మ మెడ అప్పటికే తిరగడం లేదు. పక్కవాళ్ళను చూడాలంటే మనిషి మొత్తం తిరిగేది. చిన్నప్పటి నుంచి నెత్తిన మోసిన బరువుల వల్లే అలా అయిందని అందరూ అనుకున్నారు, ఎస్తేరమ్మ కూడా.

డెబ్బై రెండు వేసవిలో సలోమిని పట్నం తీసుకొచ్చారు. వేదవతి దంపతులు ఎప్పుడో తిరిగొచ్చేశారు. గోడ మీది తారు రాతల మీద సున్నం కొట్టించుకున్నారు. ఎస్తేరమ్మ మళ్ళీ ఆ ఇంట్లోనే చేస్తోంది. సలోమి వచ్చిందని తెలిసి వేదవతి సంతోషంగా పిలిచి, కొత్త గౌను ఇచ్చి, వేసుకుని రమ్మంది. గౌను మోకాళ్ళ దాకే ఉంది.

సలోమి గదిలోంచి నడిచి వచ్చింది. రెండు మోకాళ్ళూ ఒకదానికొకటి రాసుకుంటున్నాయి, పాదాలు మాత్రం దూరంగా, ఎడంగా పడుతున్నాయి. ఒక్కో అడుగుకూ నడుము అటూ ఇటూ ఊగుతోంది. వేదవతి చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

“ఎస్తేరూ, ఈ పిల్ల నడక చూశావా?”

చూడలేదు. నిజంగానే చూడలేదు. మూడేళ్ళుగా లంగా చూసింది, కాళ్ళు చూడలేదు. అయినా పైకి మాత్రం, “ఊర్ల తిరిగి తిరిగి గట్లైందమ్మా, జర తింటే సర్దుకుంటది” అని పిల్లను లాక్కుని ఇంటికి పోయింది.

వాళ్ళ గుడిసె దగ్గరి దవాఖానలో డాక్టరు చూసి, ఎముకలకు విటమిన్ తక్కువైందన్నాడు. సూదులు వేశాడు, చేపనూనె సీసాలు రాశాడు, పొద్దున ఎండలో పడుకోబెట్టమన్నాడు. పిల్ల కాళ్ళు వంకర పోతే ఏ డాక్టరైనా ముందు చెప్పేది అదే, అతన్ని అనడానికీ లేదు. ఎస్తేరమ్మ రోజూ పనికి పోయేముందు సలోమిని ఎండలో చాప మీద పడుకోబెట్టి కాళ్ళకు నూనె మర్దన చేసేది. ఆ చేపనూనె వాసనకు పిల్ల ముక్కు మూసుకుని ఏడిస్తే, ముక్కు పట్టుకుని మరీ పోసేది. అది చాలదన్నట్టు ఊరికి కబురు పంపింది. లింగమ్మ ఏరి కోరి తెల్ల జొన్నలు చెరిగి, రాయీ రప్పా లేకుండా మూటకట్టి, లారీలో పంపించింది. ఆ జొన్నలు విసిరి రొట్టెలు చేసి, ఇంట్లో తాము బియ్యం తింటూ, పిల్లకు మాత్రం అవే పెట్టింది. నెలలు గడిచాయి. సలోమి ఒళ్ళు నల్లబడింది గాని మోకాళ్ళు విడిపోలేదు. రాత్రి నొప్పితో మూలిగే పిల్లను చూసి యేసుదాసు ఇంటి బయటికి పోయి కూర్చునేవాడు. ఊరేగింపుల్లో అంత అరిచిన గొంతు ఇప్పుడు పెగిలేది కాదు.

బళ్ళో పిల్లలు సలోమిని వెక్కిరించేవారు. ఆమె నడిచినట్టు నడిచి చూపించేవారు. ఒకరోజు వాళ్ళను ఎస్తేరమ్మ వీధి చివరిదాకా తరిమింది. తిరిగొచ్చి చూస్తే సలోమి గుమ్మంలో నిలబడి ఉంది.

“నన్నిడిసిపెట్టి వాళ్ళెంట ఉరికినవు. నేను నీ ఎంట ఉరకలేకపోయిన” అంది. అందులో నిష్ఠూరం లేదు. ఉన్నమాట చెప్పింది. ఎస్తేరమ్మ ఆ పూట పనికి పోలేదు.

చివరికి వేదవతే పూనుకుంది. ఆ రోజుల్లో గొడవ అటువైపు తిరిగింది; ఇప్పుడు ప్రత్యేక ఆంధ్ర కావాలని కోస్తా జిల్లాలు మండుతున్నాయి, రైళ్ళు నడవక వేదవతి తన తల్లిని చూడటానికి కూడా పోలేకపోతోంది. ఆ దిగులులోనే ఎవరెవరినో అడిగి, తిండికీ ఎముకలకూ ఉన్న సంబంధం మీద పరిశోధన చేస్తున్న డాక్టరు సూర్యప్రభ దగ్గరికి తల్లీకూతుళ్ళను తీసుకెళ్ళింది. ఆ డాక్టరు నడివయసు మనిషి, ముఖాన నవ్వు తక్కువ. ఎక్స్‌రే తీయించింది, రక్తం తీయించింది. ఫలితాలు చూశాక మందుల గురించి అడగలేదు, ఊరి గురించి అడిగింది.

“మీ ఊళ్ళో పిల్లల పళ్ళ మీద గోధుమరంగు మచ్చలుంటాయా?”

“ఉంటయమ్మా. మా దిక్కు అందరికీ గంతే.”

“పెద్దవాళ్ళకు మెడ తిరుగుతుందా? నడుము వంగుతుందా?”

ఎస్తేరమ్మ కళ్ళ ముందు తల్లి కనిపించింది, మనిషి మొత్తం తిరిగి చూసే తల్లి. “తిరగదమ్మా” అంది.

“ఏ నీళ్ళు తాగుతారు?”

“బోరింగు నీళ్ళు. మంచి నీళ్ళమ్మా అవి. చల్లగుంటయ్.”

డాక్టరమ్మ ఊళ్ళో ఎన్ని చోట్ల నీళ్ళున్నాయో అడిగి, ఒక్కోచోటి నుంచి ఒక్కో సీసా తెమ్మంది. యేసుదాసు పోయి తెచ్చాడు. బోరింగు నీళ్ళు తనే పట్టుకున్నాడు. ఊరి బావి దగ్గర మాత్రం గట్టు కింద నిలబడి, సీసా పైకి అందించి, ఇంకొకరి చేత పట్టించుకున్నాడు. ఆ సంగతి డాక్టరుకు చెప్పలేదు.

పరీక్ష అయ్యాక సూర్యప్రభ నిదానంగా చెప్పింది. “చూడు ఎస్తేరమ్మా. ఎముక సున్నంతో గట్టిపడుతుంది. తిన్న తిండిలోంచి ఆ సున్నాన్ని ఒంటికి పట్టించేది ఇన్నాళ్ళూ నువ్వు పోసిన విటమిన్. అది పాపకు కావలసినంత అందింది. కానీ విటమిన్ ఒంట్లో పడగానే పని మొదలుపెట్టదు. కాలేయం, మూత్రపిండాలు దాన్ని మార్చి పనికి పంపాలి. అది సున్నాన్ని తేవాలి, ఎముక పేర్చుకోవాలి. మీ బోరింగు నీళ్ళలో ఫ్లోరైడు చాలా ఉంది. అది ఆ సున్నాన్ని మధ్యలోనే పట్టేస్తుంది. పెద్దవాళ్ళకు వెన్నులో, మెడలో అక్కర్లేనిచోట గడ్డకట్టిస్తుంది. ఎదిగే పిల్లలకు మోకాలి దగ్గర మెత్తబరుస్తుంది. మెత్తని ఎముక మీద ఒంటి బరువు పడితే వంగకేం చేస్తుంది? నువ్వు ఎంత చేపనూనె పోసినా అంతే.”

“జొన్నలు పెడుతున్న గదమ్మా. మా ఊరి జొన్నలే. బొక్కలు గట్టివడాలని…”

“ఇక్కడికొచ్చాక కూడానా?”

“దినాం.”

సూర్యప్రభ కళ్ళజోడు తీసింది. “మీ వైపు కొన్ని నేలల్లో మాలిబ్డినం అనే లోహం ఎక్కువై జొన్న గింజలోకి వస్తోందని మాకు అనుమానం. అది ఒంట్లో ఉండే రాగి లోహాన్ని బయటికి తోసేస్తుంది. రాగి మనిషికి కావలసింది పిసరంత. ఆ పిసరు లేకపోతే మాత్రం ఎముకకు పట్టు ఉండదు. జొన్న చెడ్డదని కాదు, అన్నిచోట్లా ఇలా ఉంటుందనీ కాదు. ఇది ఇంకా మేము తేల్చలేదు. నీళ్ళ సంగతి మాత్రం తేలిపోయింది. ఆ నీళ్ళు, ఆ జొన్నలు ఈ రోజు నుంచి పాపకు వద్దు.”

సలోమి అంతా వింటోంది. “నేను మల్ల ఉరుకుతనా?” అని అడిగింది.

“ఇంక వంగకుండా ఆపగలం అమ్మా. నువ్వు ఎదిగేకొద్దీ కాస్త సర్దుకుంటాయి. మిగిలినదానికి పెద్దయ్యాక ఆపరేషన్ ఉంది. నడుస్తావు. ఉరకడం నేను ఇప్పుడే చెప్పలేను” అంది డాక్టరు. అబద్ధం చెప్పి ఊరడించని మనిషి ఆవిడ. అందుకు ఎస్తేరమ్మకు ఆవిడ మీద కోపమూ వచ్చింది, గౌరవమూ కలిగింది. ఇంకో మాట కూడా చెప్పింది సూర్యప్రభ: ఊరి బావి లోతు తక్కువది కాబట్టి దాని నీళ్ళు పర్వాలేదని, వాడలో చిన్నపిల్లలుంటే వెంటనే బోరింగు మాన్పించి ఆ నీళ్ళు తాగించమని.

బయట వేపచెట్టు కింద వేదవతి ఎదురుచూస్తోంది. ఎస్తేరమ్మ వచ్చి ఆమె ముందు కూలబడింది. ఆనాడే నాతో పంపి ఉంటే అని వేదవతి అంటుందేమోనని ఇన్ని నెలలూ ఆమె కాచుకుని ఉంది. అంటే బాగుండేది, పోట్లాడేది. వేదవతి ఒక్కసారీ అనలేదు. ఇప్పుడు తనే అనేసింది. “మీతోని తోలకపోతినమ్మా. నా బిడ్డ కాళ్ళు నేనే తీసిన.”

“ఊరుకోవే. పిల్లను నీ తల్లి దగ్గరికి పంపావు. ఎవరైనా ఇంకెక్కడికి పంపుతారు?” అంటూ వేదవతి ఆమె పక్కనే మట్టిలో కూర్చుంది. ఇద్దరూ ఏడ్చారు. సలోమి ఇద్దరినీ చూస్తూ నిలబడింది.

తల్లికి చెప్పాలి. అదే ఇప్పుడు ఎస్తేరమ్మ గుండెల మీద కూర్చుంది. మట్టయ్య కొడుకు దేవానందం అప్పుడే అడుగులు వేస్తున్నాడు. వాణ్ణి పగలంతా చూసుకునేది లింగమ్మే. చెప్పకపోతే వాడి కాళ్ళు కూడా పోతాయి. చెబితే ఆ ముసలిదాని గుండె పోతుంది. కబురు పంపితే సరిపోయే మాట కాదు. సలోమిని తీసుకుని ఎల్‌బీ నగర్‌లో బస్సెక్కింది.

మిట్టమధ్యాహ్నం ఊరు చేరారు. మనవరాలిని చూసి లింగమ్మ చేతులు బారచాపింది. ఇంటికొచ్చిన వాళ్ళకు ముందు నీళ్ళివ్వాలి. పరాయివాళ్ళకే ఇస్తాం, సొంత బిడ్డలకు ఇవ్వమా? అప్పటికప్పుడు బోరింగు కొట్టి, చెంబు నింపి, “తాగు బిడ్డా, ఎండల నడిసొచ్చినవు” అని సలోమికి అందించింది. దాహం మీదున్న పిల్ల చెంబు ఎత్తింది.

ఎస్తేరమ్మ చెయ్యి విసురుగా తగిలి చెంబు అవతల పడింది. నీళ్ళు గద్దె రాళ్ళ మీద పారాయి.

వాడ ఆడవాళ్ళంతా చూశారు. తల్లి ఇచ్చిన నీళ్ళు నేలపాలు చేసిన కూతుర్ని ఆ వాడలో ఎవరూ ఎరగరు. ఎస్తేరమ్మ ఆ గద్దె మీదే కూర్చుని, డాక్టరమ్మ చెప్పినదంతా తనకు వచ్చిన మాటల్లో చెప్పింది. సలోమి లంగా మోకాళ్ళ పైకి ఎత్తి అందరికీ చూపించింది. తల్లి మెడ చూపించింది. సలోమి సిగ్గుతో తల దించుకుంది.

“నీళ్ళల్ల ఇసమున్నదంటున్నవా?” అంది లింగమ్మ మెల్లగా.

“ఇసం గాదవ్వా. నేలల ఉండేదే. ఎక్కువైంది.”

“మీ నాయన మోసిన రాళ్ళు బిడ్డా ఇవి. గుడిల పెట్టి ప్రార్థన జేసిన నీళ్ళు.”

“నాకెర్క లేదా అవ్వా?”

“దీనికి నేనే తాపిన. వద్దన్నా తాపిన.” లింగమ్మ సలోమి మోకాళ్ళ మీద చేతులు పెట్టింది. “మరేం తాగాలె మేము? చెప్పు. మల్ల ఊరి బాయి కాడికి పోయి, ఎవలో పోస్తే బిందె పట్టుకోని నిలబడాల్నా? నడ్మిట్ల గిన్నేండ్లు ఎవ్వల్నీ అడగకుంట తాగినం.”

అన్నిటికీ కారణం చెప్పిన డాక్టరు ఈ ప్రశ్నకు మందు రాయలేదు. వాడలో కొందరు నమ్మలేదు, కొందరు నమ్మి భయపడ్డారు. అలవాటు కొద్దీ ఒకామె ఆ మాటలు వింటూనే బోరింగు కొట్టి బిందె నింపుకుని పోయింది.

ఆ పూట లింగమ్మ అన్నం ముట్టలేదు. మర్నాడు తెల్లవారాక ఎస్తేరమ్మ లేచి చూస్తే తల్లి లేదు, బిందె లేదు. పరుగున ఊరి వైపు పోయింది. బావి గట్టుకు ఎడంగా, ఎండు కంచె పక్కన లింగమ్మ నిలబడి ఉంది. మెడ తిరగదు గనక ఎదురుగా ఉన్నదాన్ని మాత్రమే చూస్తోంది. గట్టు మీది ఆడవాళ్ళలో ఒకామె, “ఏందే లింగీ, మీ బోరింగు ఎండిందా?” అని నవ్వింది.

“ఎండలేదమ్మా. పిల్లల కోసం.”

ఎస్తేరమ్మ ముందుకు కదలబోతే లింగమ్మ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. చాలాసేపటికి ఒకామె వంగి, పైనుంచి బిందెలోకి నీళ్ళు పోసింది. సగం కింద పోయాయి. లింగమ్మ దండం పెట్టి, బిందె చంకన పెట్టుకుని నడిచింది.

ఇంటికొచ్చి ఆ నీళ్ళు కుండలోకి వడగట్టింది. సలోమికి గ్లాసు నింపి ఇచ్చింది. దేవానందాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని గుక్కగుక్కగా తాగించింది. కుండ మీద మూత పెట్టి, దాని మీద రాయి పెట్టింది. తర్వాత తన చెంబు తీసుకుని బోరింగు దగ్గరికి పోయింది.

“అవ్వా! నీకు జెప్పలే? నువ్వు గూడ ఆ బాయి నీళ్ళే తాగు” అని ఎస్తేరమ్మ వెనకే వచ్చింది.

లింగమ్మ మనిషి మొత్తం తిరిగి కూతుర్ని చూసింది. “నా బొక్కలకు ఇగ అయ్యేదేంది బిడ్డా? పిల్లల కోసం దినాం పోయి నిలబడ్త, ఎవలేమన్నా పడ్త. నా కోసం మాత్రం అడుగ.”

రెండు చేతులతో బోరింగు కొట్టి, చెంబు నిండా పట్టుకుని, నిలబడే తాగింది.